ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, పిల్లలకి వేసవి సెలవులు. సాయంత్రాలూ ఆదివారమే మిగిలాయి, ఏం చేయిస్తారు మీరంతా?

ఇద్దరుపిల్లలమ్మ:

అందరికీ నమస్తే. పిల్లలకి సెలవులు మొదలయ్యాయి, మాకు లేవు, అదీ సంగతి. నేనూ మా ఆయనా ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర దాటుతుంది. పెద్దాడికి పదేళ్లు, చిన్నదానికి ఐదు. పగలు మా అత్తగారు చూసుకుంటారు, కానీ ఆవిడ ఎండలో వీళ్ల వెనకాల పరిగెత్తలేరు కదా. ఇక ఆదివారం అంటారా, సగం ఉతుకుళ్లకీ సరుకులకీ పోతుంది, మిగతా సగంలో ఎక్కడికైనా వెళ్దామని బయల్దేరేసరికి మధ్యాహ్నం పన్నెండు, చిన్నది దారిలోనే ఏడుపు మొదలుపెడుతుంది, పెద్దాడు అక్కడికి చేరాక కూడా ఫోన్ ఇమ్మంటాడు.

నెట్‌లో వెతికితే వేసవిలో చేయాల్సిన వంద పనులు అని పెద్ద పెద్ద లిస్టులు వస్తున్నాయి. అవి చదువుతుంటేనే అలసట వస్తోంది, రాసినవాళ్లకి ఆఫీసు లేదేమో అనిపిస్తుంది. మీ ఇళ్లలో నిజంగా నడిచినవి చెప్పండి. సమ్మర్ క్యాంప్ మాత్రం వద్దు, పెద్దాడు ససేమిరా అంటున్నాడు.

సాయంత్రపుగాలి:

మీరు రాసింది చదివితే నాకు కనపడిన చిక్కు ఒకటే అండీ, బయల్దేరడం. ఎక్కడికి వెళ్లాలి అన్నది తర్వాత చూసుకోవచ్చు. మా ఇంట్లో గుమ్మం పక్కన ఒక సంచి ఎప్పుడూ సర్దే ఉంటుంది, అందులో టోపీలు, నీళ్ల సీసాలు, ఒక పాత దుప్పటి, ఒక్కొక్కరికి ఒక జత బట్టలు, తడి గుడ్డ, బ్యాండ్ ఎయిడ్లు. తిరిగొచ్చిన రాత్రే దాన్ని మళ్లీ నింపి పెట్టాలి, ఆ పని పదేళ్ల వాడిదే, అమ్మ ఊసెత్తకూడదు. ఇది కుదిరితే సగం పోట్లాటలు పోతాయి.

రెండోది, ఆదివారం పొద్దున్నే వెళ్లిపోండి. తెల్లవారుతూనే పార్కుకో చెరువు గట్టుకో వెళ్లి, ఎండ ముదిరేలోపు ఇంట్లో ఉండాలి, ఆ తర్వాత మీ ఉతుకుళ్లు. ఎండలో అతినీలలోహిత కిరణాలు పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా బలంగా ఉంటాయి. పిల్లలకి గడియారం లెక్క కన్నా నీడ లెక్క బాగా ఎక్కుతుంది: మన నీడ మనకన్నా పొట్టిగా ఉందంటే నీడపట్టుకి వెళ్లాలి, పొడుగ్గా ఉంటే ఆడుకోవచ్చు. మా చిన్నోడు ఇప్పుడు వీధిలో పెద్దవాళ్లని కూడా ఆపి చెప్తున్నాడు, కొంచెం ఇబ్బందే అనుకోండి. సన్‌స్క్రీన్ రాస్తే SPF 30 కి తక్కువ వద్దు, ఇంట్లోంచి కదిలే ముందే రాయండి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

ఆఫీసు రోజుల్లో పెద్ద ప్లాన్లు పెట్టుకోకండి. వారంలో ఒక్క సాయంత్రం, అది ఏ రోజో ముందే ఖాయం చేసేయండి, మంగళవారమో గురువారమో. ఏ బస్సైనా ఎక్కి చివరి స్టాపు దాకా వెళ్లి అదే బస్సులో తిరిగి రావడం చేశారా ఎప్పుడైనా? కిటికీ సీటు దొరికితే చాలు, ఐదేళ్ల పిల్లకి అదే ఊరు దాటిన ప్రయాణం, మీరూ కూర్చునే ఉంటారు.

చుక్కలపిచ్చి:

నాకు అర్థం కానిది, అందరూ పగలు గురించే ఎందుకు ఆలోచిస్తారని. ఉద్యోగస్థులకి మిగిలేది రాత్రి, సెలవుల్లో పిల్లలు ఎలాగూ ఆలస్యంగా పడుకుంటారు. మేడ మీదకి ఒక చాప తీసుకుని వెళ్లండి, ఖర్చు లేదు, ఎండ లేదు, ట్రాఫిక్ లేదు.

మొదట అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని చూపించండి, దీనికి టెలిస్కోప్ అక్కర్లేదు. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ భూమిని సుమారు గంటన్నరకోసారి చుట్టేస్తుంది. పొద్దుగుంకిన కొంతసేపటికి గానీ తెల్లారే ముందు గానీ కనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు మనం చీకట్లో ఉంటాం, అంత ఎత్తున దానిమీద మాత్రం ఎండ పడుతూ ఉంటుంది. విమానంలా మిణుకుమనదు, నిలకడగా వెలుగుతూ కొద్ది నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది, ఒక్కోసారి నడిమధ్యలోనే మాయమవుతుంది, భూమి నీడలోకి వెళ్లిపోయిందన్నమాట. మీ ఊరి మీదుగా ఎప్పుడు వెళ్తుందో నాసా వాళ్ల స్పాట్ ద స్టేషన్‌లో చూసుకోవచ్చు. అందులో మనుషులున్నారు, ఇప్పుడు మనమీద నుంచే పోతున్నారు అని చెప్పి చూడండి, చెయ్యి ఊపని పిల్లలుండరు.

ఉల్కలు కూడా. మే మొదటి వారంలో తెల్లవారుజామున కనిపించేవి హేలీ తోకచుక్క వదిలిన ధూళి, ఆగస్టు 12, 13 తేదీల చుట్టూ వచ్చే పెర్సీడ్లు ఉత్తరార్ధగోళంలో బాగా కనిపిస్తాయి, డిసెంబరులో వేసవి వచ్చే దేశాల్లో ఉన్నవాళ్లకి 13, 14 తేదీల్లో జెమినిడ్లు. ఒక షరతు ఉంది: కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఎవరో ఫోన్ వెలిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ఫోన్లన్నీ కిందే. టార్చికి ఎర్ర కాగితం కట్టుకోవచ్చు. చందమామ నిండుగా ఉన్న రోజుల్లో మాత్రం ఉల్కల కోసం నిద్ర పాడుచేసుకోవద్దు.

ఈతకోచ్:

నీళ్ల గురించి ఎవరూ ఎత్తలేదేంటి. వేసవి అంటే పిల్లలకి నీళ్లే. ఐదేళ్ల పాపకి ఒక బకెట్ నీళ్లు, గోడకి వేసే పాత బ్రష్షు ఇచ్చి సాయంత్రం వరండా గోడకి నీళ్లతో బొమ్మలు వేయమనండి. వేసినది వేసినట్టు ఆరిపోతుంటే మళ్లీ వేస్తుంది, ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి అని తనే అడుగుతుంది. తుడవాల్సిన పని కూడా ఉండదు. అమ్మలకి అది ముఖ్యం కదా.

ఇక పూల్‌కో బీచ్‌కో తీసుకెళ్తే మాత్రం నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది, ఏమీ అనుకోకండి. మునిగిపోయే పిల్లలు సినిమాల్లోలా అరవరు, చేతులు ఊపరు. ఊపిరి కోసమే పాట్లు పడుతుంటారు, అరవడానికి గాలి ఎక్కడిది? చప్పుడు లేకుండా, పక్కనే ఉన్నవాళ్లకి కూడా తెలియకుండా జరిగిపోతుంది. అందుకే ఈత సరిగా రాని పిల్లలకి చేయి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్దమనిషి నీళ్లలోనే ఉండాలి. గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ కాపలా కాస్తున్నాం అంటే కుదరదు. నలుగురు పెద్దవాళ్లు వెళ్తే ఇంకా ప్రమాదం, ప్రతి ఒక్కరూ ఇంకొకరు చూస్తున్నారులే అనుకుంటారు. వంతులు వేసుకోండి, ఈ పదిహేను నిమిషాలు నీవి, తర్వాత నావి, ఆ వంతులో ఉన్నవాళ్లు మాటలు కూడా పెట్టుకోకూడదు.

గాలి ఊదే చేతిపట్టీలు ఆటవస్తువులే, వాటిని నమ్ముకోవద్దు, ఒంటికి సరిపడే లైఫ్ జాకెట్ వేరు. లేత నీలం, తెలుపు ఈత బట్టలు కొనకండి, నీళ్ల అడుగున అవి అసలు కనపడవు. మెరిసే నారింజ రంగు, ముదురు గులాబీ లాంటివి తీసుకోండి. ఇంట్లో గాలి ఊదిన టబ్బులో ఆడించినా, అయిపోగానే నీళ్లు పారబోసి బోర్లించాలి, చిన్నపిల్లలకి కొద్ది అంగుళాల నీళ్లు కూడా ప్రమాదమే.

ఇంకోటి, ఎక్కడికి వెళ్లినా, పడుకుంది కదా ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం అని పిల్లని కారులో వదలొద్దు. పది నిమిషాల్లోనే లోపల వేడి పది డిగ్రీల దాకా పెరిగిపోతుంది, అద్దం కొంచెం దించినా పెద్దగా తేడా ఉండదు.

తీరికలేనినాన్న:

సాయంత్రపుగాలి గారు చెప్పిన పొద్దున్నే లేవడం అందరి వల్లా కాదండీ. వారమంతా అలారంతో లేచేవాళ్లం, ఆదివారం కూడా ఐదింటికి లేపితే పిల్లలకన్నా ముందు నేనే ఏడుస్తాను. నా మాట వేరు: నెల మొత్తం మీద వారం మధ్యలో ఒక్క రోజు సెలవు పెట్టండి. బుధవారం నాడు జూ, మ్యూజియం, వాటర్ పార్కు ఏదైనా సగం ఖాళీగా ఉంటుంది, క్యూలో నిలబెట్టే టైమంతా మిగులుతుంది. మ్యూజియం అయితే మొత్తం చూపించాలనే ఆశ వదిలేయండి, ఒక్క హాలు, పిల్లలు ఎంచుకున్నది, బోర్ అనేలోపే బయటికి. మ్యూజియాల్లో ఉచిత ప్రవేశం రోజులు కూడా ఉంటాయి చాలా చోట్ల, వెళ్లే ముందు కనుక్కోండి.

ఇద్దరు పిల్లల్నీ ఒకే చోటికి ఈడ్చుకెళ్లడం కూడా మానుకోండి. ఐదుకీ పదికీ మధ్య చాలా తేడా ఉంది, ఒకరికి నచ్చింది ఇంకొకరికి శిక్ష. ఒక సాయంత్రం మీరు పెద్దాడితో, మీ ఆయన చిన్నదానితో, తర్వాతి వారం మార్చుకోండి. సరుకులు తెచ్చే పనికే ఒకర్ని తీసుకెళ్లినా సరే. అమ్మ ఒక్కతే తనతో ఉంది అన్నది వాడికి ఏ పార్కు కన్నా ఎక్కువ.

రోజూ ఏదో ఒకటి చేయించాలనే టెన్షన్ కూడా పెట్టుకోకండి. బోర్ అంటే అననీయండి. కాసేపు గొణుక్కున్నాక వాళ్లే దుప్పట్లు కుర్చీల మీద వేసి గుడారం కడతారు.

ఇద్దరుపిల్లలమ్మ:

అబ్బ, ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. చేతిపట్టీల సంగతి నిజంగా తెలీదు, మొన్ననే కొనబోయాం. విడివిడిగా తీసుకెళ్లడం ఈ వారమే మొదలుపెడతాం. కానీ పెద్దాడితోనే అసలు చిక్కు, చుక్కలంటే వస్తాడేమో, పార్కంటే రాడు. చేతిలో ఫోన్ లేకపోతే పని లేనట్టు చూస్తాడు. పగలు ఇంట్లో మా అత్తగారి దగ్గరుండి చేసుకునేది ఏమైనా ఉందా?

లెక్కలమాస్టారు:

అమ్మా, ఫోన్ లాక్కుంటే యుద్ధం, దానికే పని చెప్తే పోతుంది కదా. కార్నెల్ ల్యాబ్ వాళ్ల మెర్లిన్ అని ఉచిత యాప్ ఉంది, పక్షి కూత వినిపిస్తే పేరు చెప్తుంది, అప్పుడప్పుడు తప్పు చెప్తుంది కూడా, ఆ తప్పు పట్టుకోవడం పిల్లలకి మహా సరదా. జియోకాషింగ్ కూడా చూడండి, 2000లో మొదలైన ఆట, ఎవరో దాచిన చిన్న డబ్బాని జీపీఎస్ అంకెల సాయంతో వెతకాలి, దొరికితే లోపలున్న చీటీలో పేరు రాసి మళ్లీ అక్కడే పెట్టేయాలి. మీ దగ్గర్లో డబ్బాలు లేకపోతే మీ ఆయన్నే కాలనీలో ఒకటి దాచమనండి, వాడికి అంకెలు మాత్రం ఇవ్వండి.

పగటి పనికి నా దగ్గర ఒకటుంది, మా మనవడితో చేయించినది, అది మాత్రం వివరంగా చెప్తాను. మీ వాడికి దూరపు ఊళ్లో, మీకు ఉత్తరానో దక్షిణానో, పెదనాన్న పిల్లలో మేనత్త పిల్లలో ఉన్నారా? ఇద్దరూ ఒకే రోజు ఒక మీటరు కర్రని నేల మీద నిట్టనిలువుగా నిలబెట్టి, మధ్యాహ్నం అతి పొట్టి నీడ ఎంతో కొలవాలి. గడియారంలో పన్నెండు కొట్టినప్పుడే ఆ నీడ పడాలని లేదు, అందుకని పదకొండున్నర నుంచి పది నిమిషాలకోసారి వెళ్లి నీడ కొస దగ్గర సుద్దముక్కతో గీత పెట్టి రావాలి. నీడ తగ్గి తగ్గి మళ్లీ పెరగడం మొదలయ్యేదాకా గీతలు పెట్టాలి, అన్నిటికన్నా పొట్టిది ఏదో అప్పుడు తెలుస్తుంది. బయట ఉండేది ప్రతిసారీ ఒక్క నిమిషం, టోపీ పెట్టుకుంటే చాలు, మీ అత్తగారు కిటికీలోంచి చూస్తే సరిపోతుంది.

తర్వాత కాగితం మీద కర్రనీ నీడనీ కొలతకి తగ్గించి గీసి, కర్ర పైకొసనీ నీడ కొసనీ కలుపుతూ ఒక గీత గీసి, పైకొస దగ్గర కర్రకీ ఆ గీతకీ మధ్య ఉన్న కోణం కోణమానినితో కొలుచుకుంటారు. ఇద్దరి కోణాలకీ తేడా తీసి, ఆ తేడా మొత్తం 360 డిగ్రీల్లో ఎన్నో వంతో చూసి, రెండు ఊళ్ల మధ్య దూరాన్ని అన్నిసార్లు హెచ్చిస్తే భూమి చుట్టుకొలత వస్తుంది. 500 కిలోమీటర్ల దూరానికి తేడా నాలుగున్నర డిగ్రీలు ఉండాలి. ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు రెండు వేల రెండొందల ఏళ్ల కిందట వేసిన లెక్క ఇదే, ఆయనకి వచ్చిన తేడా వృత్తంలో యాభయ్యో వంతు. అసలు జవాబు 40,000 కిలోమీటర్ల చిల్లర, అది వాడికి ముందే చెప్పకండి.

ఇద్దరుపిల్లలమ్మ:

మాస్టారూ, వాళ్ల పెదనాన్న కొడుకు ఉన్నాడు, ఇద్దరికీ ఎప్పుడూ పోటీయే! అప్పుడే వీడియో కాల్‌లో కర్ర ఎవరిది నిటారుగా ఉందని తగువు మొదలైంది. మా వాడు వేసిన లెక్కకి భూమి చాలా పెద్దదైపోతుందేమోనని భయంగా ఉందట, ఎంత తప్పు రావచ్చు?

లెక్కలమాస్టారు:

మీటరు కర్రకి నీడ ఒక్క సెంటీమీటరు తప్పు కొలిస్తే కోణంలో అర డిగ్రీ పైన పోతుంది, 500 కిలోమీటర్ల దూరానికి అది పది శాతం దాటిన తప్పు. దారానికి ఒక రాయి కట్టి పక్కన వేలాడదీసి కర్రని సరిచూసుకోమనండి. ఇంకో మాట, ఉష్ణమండలంలో ఉంటే ఏడాదిలో రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, కర్రకి నీడే ఉండదు. ఆ రోజుల దగ్గర్లో ఒకరి నీడ ఉత్తరానికి, ఇంకొకరిది దక్షిణానికి పడొచ్చు, అప్పుడు కోణాలు తీసివేయకూడదు, కూడాలి. ముందు ఇద్దర్నీ నీడ ఎటు పడిందో రాసుకోమనండి.