చిన్న ప్రకంపనలకే స్టిల్ట్ పిల్లర్ల మీద కార్పస్ ఫండ్ ఖర్చు పెట్టాలా?

స్టిల్ట్‌ప్లస్‌నాలుగు
చిక్కబళ్లాపురం వైపు భూమి కాస్త కదిలిందని వార్త వస్తే చాలు, బెంగళూరు అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపులు హోరెత్తిపోతాయి. 2021 డిసెంబరు 22 పొద్దున అక్కడ 2.9, 3.0 తీవ్రతతో రెండు ప్రకంపనలు వచ్చినప్పుడూ ఇంతే. ఇప్పుడు మా అసోసియేషన్ ముందున్న తీర్మానం ఇది: కింద గోడల్లేని స్టిల్ట్ పార్కింగు, పైన నాలుగు అంతస్తులు ఉన్న బిల్డింగు కాబట్టి, కార్పస్ ఫండ్ (అసోసియేషన్ దాచుకున్న నిధి) నుంచి పార్కింగులోని 9 పిల్లర్లకూ జాకెటింగ్, అంటే చుట్టూ కొత్త కడ్డీలు, కాంక్రీటు వేసి లావు చేయడం, చేయించాలి. సగం మంది సరే అంటున్నారు, సగం మంది దండగ అంటున్నారు. పని తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి.

కేఆర్‌పురం_రెసిడెంట్
నా దృష్టిలో దండగే. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. 3 నుంచి 6కి వెళ్లాలంటే 32ను మూడుసార్లు హెచ్చవేయాలి, ముప్పై వేల రెట్ల పైమాట. అరవై డెబ్బై కిలోమీటర్ల అవతల 3 వస్తే ఇక్కడ కిటికీ అద్దం గలగలమంటే ఎక్కువ. పైగా 2016 భూకంప కోడ్ మ్యాపులో బెంగళూరు జోన్ 2, చెన్నై జోన్ 3 (అంకె పెరిగితే ప్రమాదం ఎక్కువ). లెక్కల్లో వాడే జోన్ అంకె అందులో మనకు 0.10, వాళ్లకు 0.16. మన కింద ఉన్నది నైస్ (gneiss) అనే గట్టి రాయి.

వినిపించిన ప్రతి ఢాం శబ్దమూ భూకంపం కాదు. 2020 మే 20న ఊరంతా అదిరిపోయిన శబ్దం వైమానిక దళ విమానం ధ్వనిని మించిన వేగం నుంచి తగ్గుతున్నప్పుడు వచ్చి ఉంటుందని రక్షణ శాఖే చెప్పింది. గ్రూపులో ఫార్వర్డ్ చేసే ముందు నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ వాళ్ల భూకంప్ యాప్ తెరిచి చూడండి.

రింగులు_హుక్కులు
చిన్న ప్రకంపన పిల్లర్లకు ఏమీ చేయదన్న మాట నిజం. కానీ జోన్ 2 కాబట్టి పెద్దది రాదనుకోవడం తప్పు. 1993 సెప్టెంబరు 30న లాతూరులో 6.2 వచ్చింది. అప్పటి మ్యాపులో ఆ చోటు జోన్ 1, అంటే దేశంలోకెల్లా తక్కువ ప్రమాదం ఉన్న వర్గం. 2002 సవరణలో జోన్ 1నే తీసేశారు.

మన రకం బిల్డింగుల సంగతి తెలియాలంటే అహ్మదాబాద్ చూడాలి. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆ ఊళ్లో స్టిల్ట్ పార్కింగు అపార్టుమెంట్లు కూలాయి. పై అంతస్తుల్లో ఇటుక గోడలుంటాయి, అవి పెట్టెలా బిగుసుకుని ఒక్క ముక్కగా కదులుతాయి. కింద గోడల్లేవు కాబట్టి ఊగుడంతా ఆ తొమ్మిది పిల్లర్ల మీదే పడుతుంది.

లెక్క చూద్దాం. 30×40 అడుగుల సైటులో అలాంటి బిల్డింగు బరువు 400 టన్నులు అనుకుందాం. ఐఎస్ 1893 (భూకంప డిజైన్ కోడ్) 2016 ప్రతి ప్రకారం జోన్ 2లో మామూలు పిల్లర్లు, బీముల ఫ్రేముకు పక్కకు తోసే బలం బరువులో సుమారు 4 శాతం, అంటే 16, 17 టన్నులు. సగటున పిల్లరుకు 1.85 టన్నులు. స్టిల్ట్ అంతస్తుకు దీన్ని 2.5 రెట్లు చేయాలని అదే కోడ్ 2002 ప్రతి చెప్పింది, అప్పుడు 4.6 టన్నులు. అసలు ఆ 4 శాతం కూడా బలాన్ని 3తో భాగిస్తే వచ్చిన అంకె. పిల్లరు విరగకుండా కొంత వంగి తట్టుకుంటుందన్న నమ్మకంతో భాగిస్తారు. ఆ వంగే గుణం నిలువు కడ్డీల చుట్టూ వేసే రింగుల వల్ల వస్తుంది. 8 అంగుళాలకో రింగు వేసి, దాని కొస హుక్కు 90 డిగ్రీలకే వంచి వదిలేస్తే, కడ్డీలను కప్పే పైపొర (కవరు) కాంక్రీటు రాలగానే రింగు విచ్చుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి. హుక్కు 135 డిగ్రీలు వంచి లోపలి కాంక్రీటులోకి దించాలి. పిల్లరు పైకొసన, కింది కొసన రింగుల మధ్య దూరం 4 అంగుళాలు మించకూడదు.

చెరువుగట్టు
"గట్టి రాయి" ఊరంతటికీ వర్తించదు. మెజెస్టిక్ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. ఇలాంటి చోట్ల రాయి మీద ఒండ్రు, దాని మీద పూడిక మట్టి ఉంటాయి. మెత్తని మట్టిలో ఊగుడు పెరుగుతుంది. మీ సైటు పాత సర్వే మ్యాపులో కెరె (చెరువు) అంచున ఉందేమో చూడండి. బోరు వేసినప్పటి రికార్డుంటే రాయి ఎన్ని అడుగుల్లో తగిలిందో అదే చెబుతుంది.

కేఆర్‌పురం_రెసిడెంట్
లాతూరులో పడినవి ఎక్కువగా రాయి, మట్టితో కట్టిన మందపాటి గోడల ఇళ్లు. కాంక్రీటు ఫ్రేముతో పోలిక కుదరదు. అహ్మదాబాద్ పోలిక ఒప్పుకుంటాను. కానీ మన పిల్లర్లలో రింగులు ఎలా ఉన్నాయో తెలియకుండానే తొమ్మిదింటికీ జాకెట్ అంటే, పరీక్ష చేయకుండా ఆపరేషన్ చేసినట్టే.

బ్లాక్‌బి_ట్రెజరర్
నాదీ అదే మాట. పైగా ఒక కాంట్రాక్టరు కోటేషన్‌లో "నేల మట్టం నుంచి బీము అడుగు వరకు" అని రాశాడు. అది సరిపోతుందా?

రింగులు_హుక్కులు
సరిపోదు. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇలాంటి పనిలోనే. స్టిల్ట్ పిల్లరు దెబ్బతినేది రెండు కొసల్లో. జాకెట్ బీము అడుగున ఆగిపోతే కొత్త కడ్డీలకు పైన పట్టు ఉండదు, నడుము లావెక్కుతుంది గానీ కొస బలహీనంగానే ఉంటుంది. కింద ఫుటింగు (పిల్లరు పునాది) దాకా తవ్వి, అందులో రంధ్రాలు వేసి, కడ్డీలను ఎపాక్సీతో నాటాలి. పైన స్లాబుకు రంధ్రాలు కొట్టి కడ్డీలను మొదటి అంతస్తు పిల్లరు పక్కకు తీసుకెళ్లాలి. నాలుగు పక్కలా బీములు అడ్డొస్తాయి కనుక కడ్డీలు మూలల్లోనే పైకి పోతాయి. అంటే మొదటి అంతస్తు ఇళ్లలో కొంత ఫ్లోరింగు పగలగొట్టాలి. ఈ మాట మీటింగులో ముందే చెప్పండి, పని సగంలో ఆగిపోయేది ఇక్కడే.

పాత బిల్డింగులను బలపరిచే పనికి ఉన్న ఐఎస్ 15988 ప్రకారం జాకెట్ మందం కనీసం 100 మిల్లీమీటర్లు. 9×12 అంగుళాల పిల్లరు సుమారు 17×20 అవుతుంది. పార్కింగు గీతలు మళ్లీ గీయాలి. అంత సందులో 20 ఎంఎం కంకర దిగదు, ఇరుక్కుని హనీకోంబ్ (లోపల ఖాళీలు) వస్తుంది. 10, 12 ఎంఎం చిప్స్ గానీ మైక్రో కాంక్రీటు గానీ వాడాలి. పాత ముఖాన్ని చిప్పింగు చేసి గరుకు చేయాలి. బీముల కింద జాకీలు బిగించాకే చిప్పింగు మొదలుపెట్టాలి, పక్కపక్క పిల్లర్లు రెండు ఒకేసారి ముట్టుకోకూడదు.

పరీక్షలు మాత్రం ముందు. రీబార్ లొకేటరుతో కడ్డీలు, రింగుల దూరం చూడాలి. హుక్కు అందులో కనిపించదు, ఒకటి రెండు పిల్లర్ల మూలలో కవరు తీసి కంటితో చూడాల్సిందే. కడ్డీలు తెగకుండా కనీసం మూడు కోర్లు (కాంక్రీటులోంచి తొలిచి తీసే గుండ్రటి ముక్కలు) తీయాలి. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం వాటి సగటు బలం, క్యూబు బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతం కిందికి పోకూడదు. ఎం20 (క్యూబు బలం 20 మెగాపాస్కల్) అయితే 17, 15 మెగాపాస్కల్ అన్నమాట.

తుప్పు పరీక్ష ఇంకా చవక. కార్లు కడిగే చోట పిల్లరు అడుగు భాగాన్ని సుత్తితో తట్టండి, డొల్ల శబ్దం వస్తే కవరు విడిపోయినట్టే. కొత్తగా విరిచిన ముఖం మీద ఫినాఫ్తలీన్ కొడితే మంచి కాంక్రీటు ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది. కడ్డీ దాకా రంగు రాకపోతే కడ్డీకి కాపు పోయినట్టు.

మూడోఅంతస్తు
అండీ, ఊగినప్పుడు మెట్ల మీదుగా పరుగెత్తాలా వద్దా? గ్రూపులో అందరూ కిందికి రమ్మనే పెడుతున్నారు. గోడ, బీము కలిసే చోట గీతలాంటి పగుళ్లు కూడా ఫొటోలు తీసి పెడుతున్నారు.

రింగులు_హుక్కులు
పరుగెత్తకండి. స్టిల్ట్ బిల్డింగులో కిందికి రావడమంటే అన్నిటికన్నా బలహీనమైన అంతస్తు కిందికి రావడం. గేటు దాటేలోపు ఏసీ బయటి యూనిట్లు, పారాపెట్ ఇటుకలు మీద పడే ప్రమాదం. గట్టి బల్ల కిందికి దూరి బల్ల కాలు పట్టుకోండి, ఊగుడు ఆగాక సిలిండరు రెగ్యులేటరు కట్టేసి, లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా దిగండి.

బీము కింద అడ్డంగా వచ్చే సన్నని గీత ఎక్కువగా ఇటుక, కాంక్రీటు కలిసే చోట చికెన్ మెష్ (సన్నని తీగ జాలీ) వేయకుండా ప్లాస్టరు చేయడం వల్ల. భయపడాల్సింది పిల్లరు మీద ఏటవాలు గీత ఉంటే, లేదా గోడ మీద ఇంటూ గుర్తులా రెండు గీతలు కలిస్తే. అనుమానం ఉన్నచోట ప్లాస్టరు తీసేసి, పగులు మీద సన్నని అద్దం ముక్కను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి తేదీ రాయండి. పగులు కదిలితే అద్దం విరుగుతుంది.

కేఆర్‌పురం_రెసిడెంట్
పరీక్షల వరకు నా ఓటు ఔనే. జాకెట్ మాత్రం కోర్ రిపోర్టు వచ్చాకే, ఏ పిల్లరుకు అవసరమో దానికే.

రింగులు_హుక్కులు
"అవసరమైనదానికే" అన్నచోట కాస్త జాగ్రత్త. ఒక పక్క పిల్లర్లే లావైతే బిల్డింగు మెలితిరుగుతుంది. ఎన్నింటికి చేసినా రెండు దిక్కుల్లోనూ సమంగా ఉండేలా స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగ్ ఇవ్వాలి. కొన్ని పిల్లర్ల మధ్య గోడలు కట్టినా ఇదే నియమం.

బ్లాక్‌బి_ట్రెజరర్
గోడలంటే రెండు మూడు కార్ల చోటు పోతుంది. ఆ ఫ్లాట్ల వాళ్లకు బయట పార్కింగు అద్దె అసోసియేషన్ ఇస్తుందా? డ్రాయింగ్ ఫీజు కన్నా ముందు తేలాల్సింది అదే.