చెరువు పోయి బోరు వచ్చింది: సేద్యం బాగుపడిందా?

కట్టకింద_కడప:
మొన్న పోరుమామిళ్ల చెరువు చూసి వచ్చాను. ఆ ఊరి శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. రెండేళ్లపాటు రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయట. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు రాతి మీద చెక్కించారు. నీరు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి. అప్పుడే తెలిసిన ఈ సంగతిని వదిలేసి ఇప్పుడు ఎకరానికో బోరు దించుతున్నాం. నేను రెండు వేశాను. మొదటిది 620 అడుగులు, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రెండోది 780, మూడు నెలలు పోసి ఆగిపోయింది. ఆ అప్పు ఇంకా కడుతున్నాను. పాతకాలం వాళ్ల సేద్యమే తెలివైన సేద్యం. కాదనేవాళ్లు చెప్పండి.

ట్రాక్టర్_నల్గొండ:
అన్నా, మా నాన్న ఎకరం దున్నడానికి రెండు రోజులు ఎడ్ల వెనక నడిచేవాడు. నాకు ట్రాక్టర్‌తో గంట పని. పాతకాలంలో ఏముంది? విత్తే గొర్రు కూడా ఇంగ్లండ్‌లో జెత్రో టల్ 1701లో చేసిందే కదా.

గొర్రు_పాలమూరు:
ఈ మాట మాత్రం ఒప్పుకోను. 1790లలో హాల్కాట్ అనే కెప్టెన్ దక్షిణాదిన మన రైతులు తరతరాలుగా వాడుతున్న గొర్రుతో విత్తడం చూసి, దాని గురించి ఇంగ్లండ్‌కు రాసి పంపాడు. మా అమ్మ గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో, అంటే గొర్రు మీది గిన్నెలో, గింజలు పోసేది. పిడికిలి ఒకే తీరుగా వదలాలి, లేకపోతే ఒక సాలు ఒత్తు, ఒక సాలు పలచన. సాలు తిన్నగా ఉంటేనే మధ్యలో గుంటక తోలి కలుపు తీయగలం.

ట్రాక్టర్_నల్గొండ:
నేను అడిగింది ట్రాక్టర్ గురించి.

గొర్రు_పాలమూరు:
గొర్రు మాట ఎత్తింది మీరే.

డెల్టా_రైతు:
విత్తనం గురించి ఎవరూ మాట్లాడరేం? 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వరి వచ్చాకే మా దిగుబడి మారింది.

ఆఖరి_మడి:
కడప అన్నా, ఆ వెయ్యి మంది కూలీలకు ఏం ముట్టిందో కూడా ఆలోచించండి. మాది వరంగల్ వైపు. పాకాల, రామప్ప చెరువులంటే నాకూ గర్వమే. కానీ మా ఊరి చెరువు కింద మా మడి ఆయకట్టు చివర ఉండేది. నీరటికాడు ముందు పెద్ద ఆసాముల పొలాలు తడిపేవాడు. మా వంతు వచ్చేసరికి తూము మూసేసేవారు. అడగడానికి పోతే మా నాన్న చెప్పులు విడిచి నిలబడాలి. 1994లో బోరు వేశాం. మా ఇంట్లో యాసంగి వరి కోసింది ఆ ఏడాదే మొదటిసారి. మీకు తెలివిగా కనబడిన సేద్యంలో మాకు నీళ్లు రాలేదు.

కట్టకింద_కడప:
మా తాత ఊరి పెద్ద. ఏటా ఎండాకాలం అందరినీ పిలిచి పూడిక తీయించేవాడు. ఆయన్ని దొంగ అంటున్నారా?

ఆఖరి_మడి:
మీ తాతను నేను ఒక్క మాట అనలేదు. పూడిక తీసినవాళ్లలో ఎంతమందికి ఆ చెరువు కింద చారెడు నేల ఉండేదో చెప్పండి.

కట్టకింద_కడప:
ఉండేది కాదు. చాలామందికి ఉండేది కాదు.

ట్రాక్టర్_నల్గొండ:
ఇద్దరూ కాస్త తగ్గండి.

కట్టకింద_కడప:
తగ్గను, నా బాధ కూడా వినండి. నా రెండో బోరు ఎందుకు ఆగిందో ఇంతవరకు రాయలేదు. పక్క పొలం ఆసామి వెయ్యి అడుగులకు దించాడు. నెల తిరక్కుండానే నా మోటారు గాలి తోడింది. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది, అనుమతి లేకుండా బోరు వేయకూడదు. ఫిర్యాదు పట్టుకుని తిరిగాను, ఎవరూ వచ్చి చూడలేదు. ఎద్దులతో తోలు బాన లాగించి నీళ్లు తోడే కపిల రోజుల్లో ఎద్దులు అలిసిపోయేవి, బావి రాత్రికి ఊరేది. ఎవడైనా ఒక రోజులో తోడగలిగింది అంతే.

ఆఖరి_మడి:
ఇది ముందే చెప్పి ఉంటే మనం ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు అన్నా. మా నాన్న తూము దగ్గర నిలబడ్డట్టు మీరు ఆఫీసు దగ్గర నిలబడ్డారు. మా బోరు కూడా ఇప్పుడు గంట పోసి ఆగుతోంది. అయినా చెరువు బాగైతే చాలని నేను అనలేను. తూము ఎవరి చేతిలో ఉంటుందో తేలాలి. మీ ఊరి తూము తాళం ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

కట్టకింద_కడప:
తాళం లేదమ్మా. తలుపు తుప్పు పట్టి సగం తెరుచుకుని ఉండిపోయింది. వాన పడ్డ నీళ్లు పడ్డట్టే పోతున్నాయి. ఆదివారం నలుగురిని తీసుకెళ్లి చూస్తాను. ఆయకట్టు చివర ఉన్నవాళ్లను కూడా పిలుస్తాను.