ప్రోగ్రామ్ మేనేజ్‌మెంట్ నుంచి ఎటు మారవచ్చు?

ప్రశ్న:
హైదరాబాద్‌లోని ఒక బహుళజాతి సంస్థ సాంకేతిక కేంద్రంలో చాలా ఏళ్లుగా ప్రోగ్రామ్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. ఇతర బృందాల పని ఎంతవరకు వచ్చిందో కనుక్కొని పైవారికి నివేదించడమే నా ఉద్యోగమైంది; నిర్ణయాలు మాత్రం మరొకరివి. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) ధ్రువపత్రం ఉంది కానీ కోడింగ్ వదిలి చాలా కాలమైంది. ఏ రంగానికి మారవచ్చో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు 1:
నిర్ణయాధికారమే కావాలంటే ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్ మీకు దగ్గరి దారి అండీ. అయితే ఆ అనుభవం లేనివారిని బయటి సంస్థలు అంత సులభంగా తీసుకోవు కనుక, ముందు మీ సంస్థలోనే ఒక చిన్న ఉత్పత్తి బాధ్యతను అడిగి తీసుకొని, వాడుకదారులతో నేరుగా మాట్లాడి, ఏ సౌకర్యం ముందు నిర్మించాలో కారణాలతో సహా మీరే రాసి ఒప్పించండి.

జవాబు 2:
కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) విభాగాలను కూడా పరిశీలించండి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్ల రూపాయలు అనే పరిమితుల్లో ఏ ఒక్కదాన్ని చేరిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఈ పనులకు వెచ్చించాలి. పాఠశాలలు, ఆరోగ్యం, తాగునీరు వంటి పథకాలను స్వచ్ఛంద సంస్థలతో కలిసి గడువులోగా నడిపి, ఖర్చుకు లెక్క చూపగలవారు అక్కడ నిజంగా అవసరం. జీతం మాత్రం తగ్గవచ్చు, ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

జవాబు 3:
కస్టమర్ సక్సెస్ (కొన్నవారు ఉత్పత్తిని చక్కగా వాడుకునేలా చూడడం), వెండర్ మేనేజ్‌మెంట్ (సంస్థకు సరుకులు, సేవలు అందించేవారితో వ్యవహారాలు చూడడం) కూడా మీకు సరిపోతాయి. ఏ దారి పట్టినా పీఎంపీని మురిగిపోనివ్వకండి; మూడేళ్లకోసారి 60 పీడీయూలు (వృత్తిపరంగా నేర్చుకున్నదానికి లెక్కగట్టే యూనిట్లు) చూపి, రుసుము కట్టి పునరుద్ధరించుకుంటే అది కొనసాగుతుంది.