ఫోన్‌లో క్లౌడ్ ఫుట్‌బాల్ గేమ్: షాట్ ఆలస్యంగా పడుతోంది, ఏం చేయాలి?

అన్నలూ, క్లౌడ్ గేమింగ్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మాది జడ్చర్ల. కన్సోల్ కొనే స్తోమత లేక, నెలనెలా చందా కట్టి ఫోన్‌లోనే ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ ఆడుతున్నా. 2023లో పేరు మారకముందు ఫిఫా అనేవాళ్లం, అదే. బొమ్మ బాగానే వస్తుంది, గొడవంతా బటన్ దగ్గరే. షాట్ నొక్కి వదిలాక కూడా పవర్ బార్ నిండుతూనే ఉంటుంది, బంతి గోల్‌పోస్ట్ మీది నుంచి పోతుంది. పాస్ ఇచ్చేలోపే డిఫెండర్ లాగేసుకుంటాడు. ఒకటే చిరాకు.

గేమ్ నడిచేది ఎక్కడో సర్వర్‌లో కాబట్టి కొంత ఆలస్యం తప్పదని తెలుసు. కానీ స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ చూపిస్తూ కూడా పింగ్ (సిగ్నల్ సర్వర్ దాకా వెళ్లి తిరిగొచ్చే సమయం) ఒకసారి 30 మిల్లీసెకన్లు, ఇంకోసారి 150 ఎందుకు? రాత్రి ఇంట్లో అందరూ సీరియళ్లు, రీల్స్ పెట్టాక మరీ ఘోరం.

రౌటర్‌లో వైఫై బ్యాండ్‌ను 2.4 నుంచి 5 గిగాహెర్ట్జ్‌కి మార్చా. కొంచెం నయమే, కానీ గోడ దాటితే సిగ్నల్ పడిపోతోంది. బ్లూటూత్ కంట్రోలర్ కొనాలా, టైప్-సీకి తగిలించేది కొనాలా? టచ్ బటన్లతో అయితే నా బొటనవేలే రాడార్‌ను (ఆటగాళ్లు ఎక్కడున్నారో చూపే చిన్న మ్యాప్‌ను) కప్పేస్తోంది. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు మొబైల్ 5జీ మీద ఆడేవాళ్లుంటే పింగ్ ఎంత వస్తుందో, గంటకు డేటా ఎంత పోతుందో కూడా చెప్పండి.