బ్యాంకాక్ నుంచి ఒక్క రోజులో వెళ్ళి రాదగిన చోట్లు: పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి ఏవి నయం?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. వచ్చే సంక్రాంతి సెలవుల్లో మా అమ్మ, నాయన, నా భార్య, పదేళ్ళ మా పాపతో కలిసి శంషాబాద్ నుంచి బ్యాంకాక్ వెళ్ళి, అక్కడ ఆరు రోజులు ఉండాలని అనుకుంటున్నాము. నగరంలోని గుళ్ళకు, రాజభవనానికి, నది మీద పడవ ప్రయాణానికి మూడు రోజులు సరిపోతాయని లెక్క వేసుకున్నాము. ఒక రోజు పెద్దవాళ్ళ విశ్రాంతికి వదిలేస్తే రెండు రోజులు మిగులుతున్నాయి. పొద్దున బయలుదేరి రాత్రి భోజనం వేళకు మళ్ళీ బసకు చేరుకునేటట్టుగా ఆ రెండు రోజుల్లో ఎక్కడెక్కడికి వెళ్ళవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

మా నాయనకు 68 ఏళ్ళు. జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి కాబట్టి ఎండకు భయపడడు గాని, రెండేళ్ళుగా మోకాళ్ళ నొప్పితో మెట్లు ఎక్కలేకపోతున్నాడు. అమ్మ మాంసం, చేపలు, గుడ్డు ఏవీ ముట్టదు. ఇక్కడి ట్రావెల్ ఏజెంటు ఒకరు అయుత్థయను, నీటి మీద అంగడిని, రైలు పట్టాల మీది అంగడిని ఒకే రోజులో చూపిస్తామని, మరునాడు కాంచనబురికి తీసుకుపోతామని చెబుతున్నారు. ధర చవకగానే ఉంది. ఒక్క రోజులో అన్ని చోట్లు తిరగడం పెద్దవాళ్ళతో సాధ్యమేనా అన్నది నా అనుమానం.

జవాబు 1 (మహబూబ్‌నగర్ నుంచి)

తమ్ముడూ, ఉద్యోగరీత్యా నేను బ్యాంకాక్‌లో నాలుగేళ్ళు ఉన్నాను. మన ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలను ఈ చోట్లన్నింటికీ ఎన్నిసార్లు తిప్పానో లెక్క లేదు. ముందుగా దిక్కులు గమనించండి. అయుత్థయ బ్యాంకాక్‌కు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. మీరు చెప్పిన రెండు అంగళ్ళూ నైరుతి దిక్కున ఉన్నాయి. కాంచనబురి పడమర వైపు ఉంది. ఉత్తరానికి వెళ్ళి, మళ్ళీ నగరం రద్దీలోంచి కిందికి దిగి నైరుతికి పోవాలంటే రోజులో సగానికి పైగా వ్యాను సీట్లోనే గడిచిపోతుంది, చూడటానికి ఒక్కో చోట ముప్పావు గంట కూడా మిగలదు. కాబట్టి ఒక రోజుకు ఒకే దిక్కు పెట్టుకోండి.

ఆ రెండు రోజుల్లో ఒకటి మాత్రం వేరే ఆలోచన లేకుండా అయుత్థయకు ఇవ్వండి. మన రాముడి అయోధ్య పేరే ఆ ఊరి పేరు. 1351లో రామాధిపతి అనే రాజు స్థాపించిన ఆ నగరం నాలుగు వందల ఏళ్ళకు పైగా సయాం (థాయిలాండ్ పాత పేరు) రాజధానిగా వెలిగి, 1767లో బర్మా సైన్యం చేతిలో తగలబడిపోయింది. 1991లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. చావో ఫ్రయా, పా సక్, లోప్‌బురి అనే మూడు నదులు చుట్టూ పారడం వల్ల పాత నగరం ఒక దీవిలాగా ఉంటుంది.

వ్యానులో కాకుండా రైలులో వెళ్ళమని నా సలహా. దూరప్రాంతాల రైళ్ళు క్రుంగ్ థెప్ అఫివత్ అనే కొత్త స్టేషన్ నుంచి, మామూలు పాసింజరు రైళ్ళు పాత హువా లంపోంగ్ స్టేషన్ నుంచి బయలుదేరతాయి. రెండు చోట్లకూ మెట్రోలో చేరుకోవచ్చు. పాసింజరు రైలు మూడో తరగతి టికెట్ 20 బాట్లకు (బాట్ అంటే అక్కడి రూపాయి లాంటిది) అటూ ఇటూగా ఉంటుంది, ప్రయాణం గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. నగరం దాటాక దారి పొడవునా వరి పొలాలే కనిపిస్తాయి. మీ నాయనకు ఆ రెండు గంటలు అస్సలు విసుగు పుట్టించవు. అయుత్థయ స్టేషన్ నుంచి కొద్ది దూరం నడిస్తే పా సక్ నది ఒడ్డు వస్తుంది. అక్కడ కొద్దిపాటి బాట్లకే నది దాటించే చిన్న మరపడవ దొరుకుతుంది. మన సోమశిల రేవులో కృష్ణ దాటినట్టుగానే ఉంటుంది గాని, ఈ నది చాలా సన్నం కాబట్టి కూర్చునేలోగానే అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. పడవలోకి దిగే చోట నాయన చెయ్యి పట్టుకుని దించండి. అది కష్టమనిపిస్తే స్టేషన్ ముందే టుక్‌టుక్ మాట్లాడుకుని వంతెన మీదుగా వెళ్ళవచ్చు. గంటకు 200 నుంచి 300 బాట్ల చొప్పున నాలుగు గంటలకు ఒకే బండిని మాట్లాడుకుంటే మోకాళ్ళకు శ్రమ ఉండదు.

అన్ని గుళ్ళూ చూడాలని పట్టు పట్టకండి, మూడు చాలు. మొదటిది వాట్ మహాథాట్. అక్కడ చెట్టు వేళ్ళ మధ్య చిక్కుకున్న బుద్ధుడి రాతి శిరస్సును చూడటానికే లోకమంతా వస్తుంది. మా పిల్లలమర్రి ఊడల కింద ఆడుకుంటూ పెరిగిన నాకు చెట్లు కొత్త కాదు. అయినా మొదటిసారి దాని ముందు నిలబడినప్పుడు చాలాసేపు కదలలేకపోయాను. మెడ లేదు, భుజాలు లేవు. సగం మూసిన కళ్ళు, కాస్త పైకి వంగిన పెదవి చివర, చెవి పక్కనుంచి చెంపను ఒరుసుకుంటూ నేలలోకి దిగిన లావుపాటి వేరు, అంతే. తల్లి కొంగు చాటు నుంచి తొంగి చూసే పసిబిడ్డ ముఖంలాగా ఉంటుంది. బుద్ధుడి శిరస్సు కంటే మన తల ఎత్తులో ఉండరాదని, ఫోటో దిగేవారు కింద కూర్చోవాలని అక్కడి కాపలాదారులు చెబుతారు. నాయనను కొంచెం దూరంగా నీడలో నిలబెట్టి చూపించండి, కూర్చోవలసిన అవసరం రాదు.

రెండవది అయుత్థయ పాత రాజభవన ఆవరణలోని వాట్ ఫ్ర సి సన్‌ఫెట్, వరుసగా మూడు స్తూపాలు ఉండేది. దాన్ని దారి మీద నుంచే తృప్తిగా చూడవచ్చు. మూడవది నదికి అవతలి గట్టున ఉన్న వాట్ చైవత్థనారామ్. 1630లో కట్టించిన ఈ గుడికి సాయంత్రం ఎండ వాలే వేళకు చేరుకునేలా చూసుకోండి. ఆ ఇటుకల ఎరుపు అప్పుడే బయటపడుతుంది. పైకి ఎక్కే మెట్లు నిటారుగా ఉంటాయి, ఎక్కనక్కర లేదు, పచ్చిక మీద కూర్చుంటే చాలు. జనవరి అక్కడ చల్లని కాలమే అయినా మధ్యాహ్నం మన ఫాల్గుణ మాసపు ఎండలాగా ఉంటుంది కాబట్టి పన్నెండు నుంచి రెండు వరకు ఎక్కడైనా నీడ పట్టున గడపండి. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలన్న నియమానికి అమ్మ చీర, నాయన ధోవతి చక్కగా సరిపోతాయి.

జవాబు 2 (దేవరకొండ నుంచి)

అంగళ్ళ గురించి నా అనుభవం చెబుతాను. మేము కూడా చవకగా వస్తుందని ఒక ప్యాకేజీ తీసుకున్నాము. ఆ పేరు ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు. దమ్నోన్ సదువాక్ అనే నీటి అంగడికి మమ్మల్ని పదకొండు గంటలకు చేర్చారు. అప్పటికి కూరగాయల పడవలు చాలావరకు వెళ్ళిపోయాయి, మిగిలినవి బొమ్మలు, టోపీలు అమ్మేవే. పడవ ఛార్జీ ప్యాకేజీలో లేదని అక్కడికి పోయాక చెప్పి, రేవులో మనిషికి ఇంత అని వేరుగా వసూలు చేశారు. తిరిగి వచ్చేటప్పుడు మేము అడగకుండానే ఒక రత్నాల దుకాణం ముందు దింపి గంటసేపు కూర్చోబెట్టారు. మా అత్తమ్మ అలసిపోయి ఆ దుకాణం కుర్చీలోనే నిద్రపోయింది. పెద్దావిడను అలా తిప్పినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. డబ్బులు కట్టే ముందే పడవ ఛార్జీ ఎవరిదో, మధ్యలో ఎక్కడెక్కడ ఆపుతారో కాగితం మీద రాయించుకోండి.

పట్టాల మీది మేక్‌లోంగ్ అంగడి మాత్రం మీ పాప జీవితాంతం గుర్తుపెట్టుకునే చోటు. దాన్ని అక్కడివారు గొడుగులు మడిచే అంగడి అని పిలుస్తారు. మన వారాంగడిలో లాగానే నేల మీద కూరగాయల కుప్పలు, పళ్ళు, చేపల పళ్ళేలు పరచుకుని కూర్చుంటారు, అయితే ఆ పరచుకున్నది రైలు పట్టాలకు ఆనుకుని. రైలు కూత వినపడగానే ఎవరూ కంగారు పడకుండా పైన కట్టిన గుడ్డ పందిళ్ళను వెనక్కి లాగుతారు, చేపల పళ్ళేలను వెనక్కి నెడతారు. పొట్టిగా ఉన్న కూరగాయల తట్టలను ముట్టుకోనే ముట్టుకోరు, వాటి మీదుగానే రైలు పోతుంది. చివరి పెట్టె దాటీ దాటక ముందే పందిళ్ళు మళ్ళీ ముందుకు వచ్చేస్తాయి, బేరం ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. రోజుకు కొన్ని రైళ్ళే ఉంటాయి కాబట్టి వేళలు ముందు రోజే కనుక్కోండి. పాప చెయ్యి వదలకండి. రైలు వీపును ఒరుసుకుంటూ పోతుందన్నంత దగ్గరగా వస్తుంది.

జవాబు 3 (మిర్యాలగూడ నుంచి)

నేను చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినదానిని. కాంచనబురి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం థాయిలాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గాన్ని 1942, 1943 సంవత్సరాల్లో యుద్ధ ఖైదీల చేత, కూలీల చేత వేయించింది. దాన్నే మృత్యు రైలు మార్గం అంటారు. క్వాయ్ నది మీది వంతెన ఆ మార్గంలోనిదే. ఊరి మధ్య ఉన్న యుద్ధ శ్మశానవాటికలో దాదాపు ఏడు వేల మంది ఖైదీల సమాధులు ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక పలక, దాని మీద పేరు, వయస్సు, ఇంటివారు రాయించిన ఒక వాక్యం. ఇరవై రెండు, ఇరవై మూడు అన్న వయస్సులు చదువుతూ వరుసల మధ్య నడుస్తుంటే కాళ్ళు ముందుకు సాగవు.

అక్కడికి వెళ్ళే తెలుగువారు తప్పక తలచుకోవలసిన విషయం మరొకటి ఉంది. ఆ మార్గం కోసం చనిపోయినవారిలో ఖైదీల కంటే ఆసియా కూలీలే ఎన్నో రెట్లు ఎక్కువ. మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులు, తెలుగువారు వారిలో ఉన్నారు. కలరాతో, ఆకలితో అడవిలోనే పోయిన వారికి ఇలాంటి పలకలు లేవు, పేర్లు లేవు. నేను మా ఇంటి నుంచి తీసుకుపోయిన పసుపు, కుంకుమ, నాలుగు పూలు వంతెన దగ్గర నదిలో వదిలి వచ్చాను. ఎవరి పేరున అని అడిగితే చెప్పలేను.

థోన్‌బురి స్టేషన్ నుంచి ఉదయం బయలుదేరే రైలు వంతెన దాటి నామ్ టోక్ వరకు పోతుంది. నది గట్టున కొండను ఆనుకుని కట్టిన కొయ్య వంతెన మీద అది నెమ్మదిగా పోయే తీరు చూడదగినది. అయితే రానూపోనూ రోజంతా పడుతుంది, సీట్లు గట్టివి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి, పదేళ్ళ పాపకు ఇది మొదటి ప్రయాణంలో వద్దు. దానికి బదులు నగరానికి పడమర 56 కిలోమీటర్ల దూరంలోని నఖోన్ పథోమ్‌కు వెళ్ళండి. అక్కడి ఫ్ర పథోమ్ చేది 120 మీటర్ల ఎత్తున్న మహాస్తూపం. ఆ ప్రాంతాన్ని పూర్వం ఏలిన ద్వారవతి రాజ్యపు శిల్పంలో మన కృష్ణా తీరపు అమరావతి శైలి ప్రభావం ఉందని కళా చరిత్రకారులు చెబుతారు. ఫణిగిరి, నాగార్జునకొండ చూసిన కళ్ళతో అక్కడి ధర్మచక్రాలను చూడండి, పరాయి దేశంలో ఉన్నామని అనిపించదు.

ప్రశ్న అడిగినవారు

అన్నగారికి, టీచరమ్మకు, దేవరకొండ సోదరుడికి ధన్యవాదాలు. ఏజెంటుకు వద్దని ఈ రోజే చెప్పేశాను. మొదటి రోజు రైలులో అయుత్థయ, రెండవ రోజు ఒక కారు మాట్లాడుకుని పొద్దున్నే మేక్‌లోంగ్ అంగడి, తిరిగి వచ్చేటప్పుడు నఖోన్ పథోమ్ అని నిర్ణయించుకున్నాము. రెండూ ఒకే వైపు కదా, ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. టీచరమ్మ రాసినది మా నాయనకు చదివి వినిపిస్తే, ఆ కూలీల ఊళ్ళు ఏవో ఎవరికైనా తెలుసా అని అడిగి చాలాసేపు మాట్లాడలేదు. ఇక అమ్మ భోజనం ఒక్కటే బెంగ.

జవాబు 1 (మహబూబ్‌నగర్ నుంచి)

మీరు అనుకున్న వరుస బాగుంది. భోజనానికి ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: జే. పసుపు జెండా మీద ఎర్ర రంగులో ఆ అక్షరం ఉన్న దుకాణంలో మాంసం, చేపలు, గుడ్డు, పాలు మాత్రమే కాదు, వెల్లుల్లి కూడా వాడరు. ఉత్త కూరగాయల అన్నం అని అడిగితే మాత్రం మాంసం తీసేసి చేపల రసం పోసి ఇస్తారు, ఆ రసం పేరు నామ్ ప్లా. అది వద్దని ప్రత్యేకంగా చెప్పాలి. బొప్పాయి సలాడులో ఎండు రొయ్యలు కలుపుతారు, అమ్మకు తెలియక తినిపించకండి. పండుగ సకినాలు ఎలాగూ చేస్తారు గదా, ఒక డబ్బా వెంట ఉంచుకోండి. అయుత్థయలో రోటి సాయ్ మాయ్ అని మన పీచు మిఠాయి లాంటి చక్కెర పోగులను పల్చటి రొట్టెలో చుట్టి తింటారు. పొట్లంలో రొట్టెలు వేరుగా, పోగులు వేరుగా ఇస్తారు, మీ పాపే చుట్టుకుని తినవచ్చు.

ఇంకొక మాట. ఆ మూడో తరగతి టికెట్ మీద సీటు నంబరు ఉండదు. అరగంట ముందే స్టేషన్ చేరి, మీ నాయనకు కిటికీ పక్కన చోటు పట్టండి.