గోదావరి డెల్టాలో తొలినాళ్ల కమ్యూనిస్టు పార్టీ ఎవరిది? రైతుదా, కూలీదా?

పాలకొల్లు రైతుబిడ్డ:
భూమి ఉన్న రైతుదే అంటాను. 1930 ప్రాంతంలో రీసెటిల్‌మెంట్ (భూమి శిస్తును మళ్లీ నిర్ణయించడం) పేరుతో కృష్ణా, గోదావరి జిల్లాల్లో శిస్తు రూపాయికి మూడణాలు పెంచబోతే లేచింది పట్టాదారులు. అప్పటికే మాంద్యం వచ్చి ధాన్యం ధర పడిపోయింది. సెంటు భూమి లేని కూలీకి శిస్తుతో పనేముంది? ఆ రైతు ఉద్యమంలో ఆరితేరిన కుర్రాళ్లు చాలామంది తర్వాత పార్టీలోకి వచ్చారు.

కోనసీమ పేట:
మొదలు అక్కడేనండీ, కాదనను. కానీ శిస్తు తగ్గించమన్నంతవరకే రైతూ పాలేరూ ఒక జెండా కింద నడుస్తారు. పాలేరు జీతం, కోత కూలి మాట ఎత్తితే గొడవ ఆ రైతు అరుగు మీదికే వస్తుంది. పార్టీ ఆ మాట ఎత్తింది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారిది భూమున్న ఇల్లే, అయినా నెల్లూరు జిల్లాలోని సొంతూరు అలగానిపాడులో కూలీల సంఘం పెట్టారు. 1952లో రాజమండ్రి నుంచి కానేటి మోహనరావు గారు, ఒక దళితుడు, కమ్యూనిస్టుగా పార్లమెంటుకు వెళ్లారు. మా పేటల్లో ఆ గెలుపుకు ఉన్న విలువ పట్టాదారు లెక్కల్లో కనిపించదు.

పాలకొల్లు రైతుబిడ్డ:
అది రిజర్వుడు సీటు, ఏ పార్టీ అయినా దళితుడినే నిలబెట్టాలి. 1952 మద్రాసు అసెంబ్లీ ఎన్నికల్లో ఆంధ్ర జిల్లాల్లో కమ్యూనిస్టులకు 41 సీట్లు, కాంగ్రెస్‌కు 40. 1955లో 15కు పడిపోయారు. రైతు చెయ్యి వదిలేశాడు, అంతే.

పిఠాపురం పాత కాపు:
ఇద్దరూ డెల్టా అంతా ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. పిఠాపురం లాంటి జమీందారీ ఊళ్లలో రైతే ఇంకొకరికి శిస్తు కట్టుకునేవాడు. అక్కడ రైతు పక్షం నిలబడితే పెద్దల పక్షం ఎలా అవుతుంది? 1952లో కాకినాడ లోక్‌సభ సీటు కమ్యూనిస్టు చెలికాని రామారావు గారికి వచ్చింది. ఆ జమీందారీ చరిత్ర వదిలేసి ఈ గెలుపు అర్థం చేసుకోలేం.

కోనసీమ పేట:
ఈ మాట బాగుంది. రైతుబిడ్డ గారూ, మీరు సీట్లే చెప్పారు, ఓట్లు చెప్పలేదు. 1955లో కాంగ్రెస్, ప్రజా పార్టీ, కృషికార్ లోక్ పార్టీ ఒక్కటై ఎదురు నిలిచాయి. అందుకే మొత్తం 196 సీట్లలో కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కాయి. ఓట్లు మాత్రం దాదాపు 31 శాతం, 1952 కంటే ఎక్కువే. రైతు నిజంగా వదిలేసి ఉంటే ఆ ఓట్లు వేసింది ఎవరు? దానికి జవాబు చెప్పి అప్పుడు రైతు పార్టీ అనండి.