చర్చ: సాగర్‌లో డైవింగ్ సాధన చేసినోళ్లు కామ్లూప్స్ ఓడకు దిగొచ్చా?

హిల్‌కాలనీ:
1927 డిసెంబర్‌లో అమెరికా–కెనడా నడుమనున్న సుపీరియర్ సరస్సులో, ఐల్ రాయల్ దీవి దగ్గర మునిగిన కామ్లూప్స్ ఓడ సుమారు 53 నుంచి 79 మీటర్ల లోతుల పడి ఉంది. దిగొచ్చనే నేనంటా. అవీ మంచినీళ్లే, మన నాగార్జునసాగర్‌వీ మంచినీళ్లే. ఆ సరస్సు మట్టం సముద్రానికి 183 మీటర్ల పైన. సాగర్ నిండితే 590 అడుగులు, అంటే 180 మీటర్లు. ఎత్తు కోసం డికంప్రెషన్ టేబుల్ (పైకొచ్చేటప్పుడు ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పే పట్టిక) మార్చే పనిలేదు, మునగడానికి కట్టుకునే సీసం బరువుల లెక్కా అదే. బురదనీళ్లల్ల తాడు పట్టుకొని తడుముకుంటూ తిరిగేటోళ్లకు అక్కడి తేటనీళ్లు ఎంత?

పాలమూరోడు:
ఎత్తు సంగతి ఒప్పుకుంటా. సీసం ఎట్ల అదే అయితదన్నా? నీళ్లు లోపలికి రాని డ్రైసూటూ, లోపలి మందపు బట్టలూ గాలి పట్టుకుంటయ్, బరువు పెంచాల్సిందే.

అసలు చిక్కు రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలి ఒత్తిడి తగ్గించి నోటికిచ్చే పరికరం. 200 బార్ ఒత్తిడి మీదున్న గాలి, సిలిండర్‌కు బిగించే ఫస్ట్ స్టేజ్‌లో ఒక్కసారి విస్తరించి విపరీతంగా చల్లబడతది. అక్కడ అడుగున ఏడాదంతా దాదాపు 4 డిగ్రీలే. ఉప్పునీళ్లు మైనస్ 1.9 దాకా గడ్డకట్టవు, మంచినీళ్లు సున్నాకే కడతయ్. స్ప్రింగ్ చుట్టూ మంచు పేరుకుంటే వాల్వ్ మూసుకోదు, నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ నుంచి గాలి బుసబుసా పోతనే ఉంటది. 12 లీటర్ల జంట సిలిండర్లల్ల 4800 లీటర్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేటోడికి 50 మీటర్ల దగ్గర 120 కావాలె. మూడో వంతే లోపలికి పోవడానికి వాడాలన్న (మిగిలింది తిరిగి రావడానికీ, ఆపదకూ) లెక్కన 13 నిమిషాలు, అంతే. గాలి కారుడు మొదలైతే ఆ లెక్క నిలబడదు.

హిల్‌కాలనీ:
నీళ్లు సోకని సీల్డ్ ఫస్ట్ స్టేజ్ పెట్టుకోవాలె. జంట సిలిండర్లకు రెండు రెగ్యులేటర్లు, రెండు వాల్వులుంటయ్ గదా, కారేది కట్టేస్తే సరి.

దేవరకొండ:
సీల్ ఉన్నా గడ్డకట్టొచ్చు, తక్కువసార్లు అంతే. కట్టేసుడు మాత్రం గ్లౌజులు తొడిగిన చేతితో, తల వెనక చేయాలె. కుడి వైపుది కారితే మెడలో వేలాడే రెండో రెగ్యులేటర్ నోట్లో పెట్టుకొని, కుడి వాల్వ్ గడియారం తిరిగే వైపు తిప్పి మూసి, జతగాడికి సైగ చేసి వెనక్కి తిరగాలె. కాసేపటికి మంచు కరిగి అది మళ్లీ పనిచేసినా డైవ్ అయిపోయినట్టే. నీళ్ల పైన చలిగాలిలో పర్జ్ బటన్ (గాలి బయటికి వదిలే మీట) నొక్కొద్దు. శ్వాస పీల్చేటప్పుడే సూట్‌లోకి గాలి కొట్టొద్దు.

ఇంకో మాట, 50 మీటర్ల దగ్గర మామూలు గాలి సాంద్రత లీటరుకు ఏడున్నర గ్రాములు, 6.2 దాటితే ఊపిరి తీసుడు కష్టమై ప్రమాదం. 18/45 ట్రైమిక్స్ (18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం, మిగిలింది నైట్రోజన్) అయితే 5 లోపే. కాని దాంట్ల హీలియం ఉంటది, సూట్‌లోకి వదిలితే ఒంటి వేడి గుంజేస్తది. సూట్‌కు వేరే చిన్న గాలి సిలిండర్ ఉండాలె.

ఓడ ఇంజన్ గదిలో మడ్డి లేస్తే సాగర్ తాడు పని అక్కరకొస్తది, అది నిజమే. వాల్వ్ పని మాత్రం అంత చల్లటి సరస్సుల్నే, 20 మీటర్ల దగ్గర మొదలుపెట్టి నేర్వాలె.